ఖాళీగా ఉండటం నేర్చుకున్న ప్రాసెసర్: ఒక చరిత్ర

1. ప్రశ్న ఏమిటి?

గత భాగంలో షెడ్యూలర్ గురించి చదివారు. సిద్ధంగా ఉన్న ప్రాసెస్‌లలో దేనికి ముందు వంతు ఇవ్వాలో కెర్నెల్ ఎలా నిర్ణయిస్తుందో తెలుసుకున్నారు. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతిలో ఎవరో ఒకరు లేచి, "వరుసలో ఎవరూ లేకపోతే ఏమవుతుందండీ?" అని అడిగేవారు. నేను విన్న ప్రశ్నల్లో మంచివాటిలో అదొకటి. ఈ భాగమంతా దానికి సమాధానమే.

మీరు ఈ పాఠాన్ని కంప్యూటర్ తెర మీదో ఫోన్ మీదో చదువుతున్నారనుకోండి. ఒక పుట చదవడానికి మీకు రెండు నిమిషాలు పడుతుంది. అక్షరాలు తెర మీదకు రావడానికి ప్రాసెసర్‌కు పట్టేది సెకనులో చిన్న భాగం. మిగిలిన రెండు నిమిషాలూ దానికి దాదాపు పనే లేదు. మనం వాడే యంత్రాల ప్రాసెసర్లు ఎక్కువ కాలం ఇలా ఖాళీగానే ఉంటాయి. ఆ ఖాళీ కాలంలో అది ఎంత కరెంటు తాగుతుందన్నదాన్ని బట్టి మీ బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుందా, కరెంటు పోయిన రాత్రి అసైన్‌మెంట్ పూర్తి చేయగలరా అన్నది తేలుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడు యంత్రమంతా నిద్రపోతుంది. దాన్ని సస్పెండ్ అంటాం. ఈ పాఠం దాని గురించి కాదు. యంత్రం మెలకువగానే ఉండి, మీరు దాని ముందు కూర్చొనే ఉండి, రెండు మీట నొక్కుళ్ల మధ్య ప్రాసెసర్ తీసే కునుకు గురించి. ఆ కునుకు సెకనులో వెయ్యో వంతు ఉండవచ్చు, అందులో పదో వంతూ ఉండవచ్చు. ఇలాంటి విరామ స్థితుల్నే ఐడిల్ స్థితులు అంటారు.

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ విషయం వివరించనక్కర్లేదు. రాత్రి వంట అయ్యాక పొయ్యి అలాగే మండనిస్తే కట్టెలు దండగ. పూర్తిగా ఆర్పేస్తే పొద్దున్నే మళ్లీ రాజేయడం ప్రయాస. అందుకని నిప్పు మీద నివురు కప్పేవారు. పొద్దున నివురు తీసి రెండు పుల్లలు వేసి ఊదితే మంట వచ్చేది. మండుతున్న పొయ్యి, నివురు కప్పిన నిప్పు, ఆర్పేసిన పొయ్యి: ఈ మూడింటిలో ఎప్పుడు ఏది మేలో ఇల్లాలికి తెలుసు. అదే తెలివి కెర్నెల్‌కు అబ్బడానికి సుమారు నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్లలో ప్రశ్న కూడా మారుతూ వచ్చింది. అందుకే దీన్ని చరిత్రగా చదవాలంటాను.

2. ఖాళీ అంటే నష్టం: పెద్ద యంత్రాల కాలం

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. ఆ ప్రాసెసర్ స్థితిని తెలిపే పదంలో ఒక బిట్‌ను 'వెయిట్' కోసం కేటాయించారు. ఆ బిట్ 1 అయితే ప్రాసెసర్ కొత్త ఆదేశాలు చదవదు, అంతరాయం వచ్చేదాకా ఆగి ఉంటుంది. అంతరాయమంటే ఇంటరప్ట్ అని మీకు తెలుసు. కన్సోల్ మీద 'వెయిట్' అనే దీపం వెలిగేది.

ఆ దీపం వెలగడం చూసి అప్పటి నిర్వాహకులు కరెంటు ఆదా అవుతోందని సంతోషించలేదు. ఆ యంత్రాలను చాలా సంస్థలు నెల అద్దెకు తెచ్చుకునేవి. అంత అద్దె పోసిన యంత్రం ఊరికే కూర్చుందంటే డబ్బు పోతున్నట్టే. ఒక ప్రోగ్రామ్ టేప్ కోసం ఆగితే మరొకదాన్ని నడిపించే మల్టీప్రోగ్రామింగ్ పుట్టడానికి ఈ లెక్క ఒక ముఖ్య కారణం. అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ల తొలి తరం ఖాళీని పోగొట్టాల్సిన రోగంగానే చూసింది.

3. దారి వదలడం: చిన్న యంత్రాలు, యునిక్స్

1970 దశకంలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పీడీపీ-11 వచ్చింది. ఇందులో 'వెయిట్' ఒక ఆదేశమే. దాని ప్రయోజనం మాత్రం వేరు. ఈ యంత్రంలో ప్రాసెసర్, మెమరీ, డిస్కు అన్నీ ఒకే బస్ మీద ఉంటాయి. పని లేని ప్రాసెసర్ ఒక లూప్‌లో తిరుగుతూ ఉంటే, ఆ లూప్ ఆదేశాలను తెచ్చుకోవడానికే బస్‌ను పదే పదే వాడుకుంటుంది. అప్పుడు డిస్కు నుంచి మెమరీకి వెళ్లే డేటాకు దారి దొరకదు. వెయిట్ ఆదేశం ఇస్తే ప్రాసెసర్ పక్కకు తప్పుకుంటుంది. సన్న వంతెన మీద ఖాళీ బండి అటూ ఇటూ తిరుగుతూ సరుకు బండికి అడ్డుపడకుండా గట్టున నిలబడటం వంటిదిది.

యునిక్స్ ఆరవ ఎడిషన్ 1975లో వచ్చింది. దాని షెడ్యూలర్‌లో నడపదగిన ప్రాసెస్ ఏదీ దొరక్కపోతే 'ఐడిల్' అనే చిన్న రొటీన్‌ను పిలుస్తారు. అది అంతరాయాలన్నిటికీ తలుపు తెరిచి, వెయిట్ ఆదేశం ఇచ్చి, మేలుకున్నాక పాత స్థితిని తిరిగి నిలిపి వెనక్కి వస్తుంది. నాలుగైదు ఆదేశాలతో ముగిసే ఆ రొటీన్, ఈ రోజు వేల పంక్తులకు పెరిగిన వ్యవస్థకు ముత్తాత.

మన దగ్గర సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. కంప్యూటర్ కొద్దిమందికే అందే ఆ రోజుల్లో దాన్ని ఖాళీగా ఉంచే సమస్యే లేదు. యంత్రం కోసం మనుషులు వేచి ఉండేవారు. యంత్రం మనుషుల కోసం వేచి ఉండటమన్నది ప్రతి బల్ల మీదికీ కంప్యూటర్ వచ్చాకే మొదలైంది.

4. ఖాళీ అంటే వేడి: పర్సనల్ కంప్యూటర్

1978లో వచ్చిన ఇంటెల్ 8086లో 'హాల్ట్' ఆదేశం ఉంది. దానికి ముందు 1974 నాటి 8080లోనూ ఉంది. అయినా 1981లో మొదలైన డాస్ కాలమంతా దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. మీట నొక్కారా లేదా అని ప్రోగ్రామ్ నిరంతరం చూస్తూ తిరిగేది. దీన్ని 'బిజీ వెయిటింగ్' అంటారు. యంత్రం గోడకు తగిలించి ఉంది, చిప్ పెద్దగా వేడెక్కదు, ఇక అడిగేదెవరు?

1991 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన మొదటి లినక్స్ కూడా ఇందుకు భిన్నం కాదు. అందులో సున్నా నంబరు ప్రాసెస్ అంతులేని లూప్‌లో 'పాజ్' అని పిలుస్తూ ఉంటుంది. పిలిచిన ప్రతిసారీ షెడ్యూలర్ చుట్టూ చూసి, ఎవరూ లేకపోతే వంతును మళ్లీ దానికే ఇస్తుంది. ఊళ్లో అందరూ పడుకున్నాక తన నీడతో తానే పులిజూదం ఆడుకునే మనిషిలా అన్నమాట.

1993లో పెంటియమ్ వచ్చేసరికి ప్రాసెసర్ మీద ఫ్యాన్ మామూలు విషయమైంది. ఖాళీ లూప్ కూడా పని లాగే వేడి పుట్టిస్తుందని చేతికే తెలిసిపోయింది. లినక్స్, విండోస్ ఎన్‌టీ ఖాళీ సమయంలో హాల్ట్ వాడాయి. విండోస్ 95 వాడలేదు. హాల్ట్ ఇస్తే తిరిగి లేవకుండా బిగుసుకుపోయే ల్యాప్‌టాప్‌లు అప్పట్లో కొన్ని ఉండటమే దానికి కారణంగా చెబుతారు. లినక్స్ కూడా అలాంటి యంత్రాల కోసం హాల్ట్ వాడవద్దని చెప్పే బూట్ పారామీటర్ ఒకటి పెట్టుకోవలసి వచ్చింది. నిద్రపుచ్చడం కంటే సరిగా లేపడమే కష్టమన్న సత్యం చరిత్రలో ఇక్కడ మొదటిసారి కనిపిస్తుంది. మున్ముందు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఈలోపు ల్యాప్‌టాప్ వచ్చి లెక్కంతా మార్చేసింది. గోడ కరెంటుకు బిల్లు నెలకోసారి వస్తుంది. బ్యాటరీ బిల్లు రెండు గంటల్లో చేతికి అందుతుంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే ప్రమాణాన్ని తెచ్చాయి. అందులో నిర్ణయాల్లో చాలాభాగం బయోస్‌వి. ఏ పని జరుగుతోందో బయోస్‌కు తెలియదు, తెలిసిన ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో అధికారం లేదు. ఆ లోపాన్ని సరిదిద్దుతూ 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ ప్రమాణాన్ని ప్రకటించాయి. దీంతో ఖాళీ నిర్వహణ కెర్నెల్ బాధ్యత అయింది. మన పాఠానికి అసలైన మలుపు ఇదే.

5. మెట్లు మెట్లుగా నిద్ర

ఏసీపీఐ ఖాళీని మెట్లుగా విభజించింది. సీ0 అంటే పని చేస్తున్న స్థితి. సీ1 అంటే హాల్ట్, నివురు కప్పిన నిప్పు. సీ2, సీ3 అంతకంటే లోతు. సీ3లో క్యాష్ మెమరీ బయటి మార్పులను కనిపెట్టి చూసే పని కూడా మానేస్తుంది. తరువాతి చిప్‌లు సీ6 మొదలు సీ10 దాకా వెళ్లాయి.

లోతుకు వెళ్లినకొద్దీ ఏం జరుగుతుంది? చిప్‌లో కరెంటు రెండు రకాలుగా ఖర్చవుతుంది. ట్రాన్సిస్టర్లు మారినప్పుడల్లా అయ్యే ఖర్చు ఒకటి. గడియారపు స్పందనలను ఆపితే అది ఆగుతుంది. రెండోది లీకేజీ: ఏ పనీ చేయకపోయినా, వోల్టేజీ ఉన్నంతసేపూ కారిపోయేది. ట్రాన్సిస్టర్లు చిన్నవైనకొద్దీ ఇది పెరిగి, 2000 దశకం నడిమికి పెద్ద తలనొప్పి అయింది. దీన్ని ఆపాలంటే ఆ కోర్‌కు కరెంటే కట్టేయాలి. కట్టేస్తే రిజిస్టర్లలో ఉన్నదంతా పోతుంది కనుక ముందు ఎక్కడో దాచాలి, లేచాక తిరిగి తెచ్చుకోవాలి. సీ6లో జరిగేది ఇదే. 2008లో వచ్చిన నెహాలెమ్ చిప్‌లలో ఒక్కో కోర్‌కూ విడివిడిగా కరెంటు కట్టేసే ఏర్పాటు వచ్చింది.

ఇక ఖరీదు చూడండి. 2015లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ చిప్‌ల కోసం లినక్స్ కెర్నెల్‌లో ఒక పట్టిక ఉంది. ప్రతి స్థితికీ రెండు అంకెలు. మొదటిది ఆ స్థితి నుంచి లేవడానికి పట్టే కాలం. రెండోది అందులోకి వెళ్లడం గిట్టుబాటు కావాలంటే కనీసం ఎంతసేపు ఉండాలన్నది. సీ1కి లేవడానికి 2 మైక్రోసెకండ్లు, గిట్టుబాటుకు కూడా 2. సీ6కి 85, 200. సీ8కి 200, 800. సీ10కి 890, 5000. మైక్రోసెకండ్ అంటే సెకనులో పది లక్షల వంతు.

గిట్టుబాటు ఎలా లెక్కిస్తారో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పై మెట్టులో ప్రాసెసర్ 1 వాట్, లోతైన మెట్టులో 0.1 వాట్ వాడుతుందనుకుందాం. లోతుకు దిగి పైకి రావడానికి అదనంగా 450 మైక్రోజౌళ్లు ఖర్చనుకుందాం. సెకనుకు ఆదా 0.9 జౌలు, అంటే ఒక్కో మైక్రోసెకండ్‌కు 0.9 మైక్రోజౌలు. 450ని 0.9తో భాగిస్తే 500. కాబట్టి 500 మైక్రోసెకండ్లకు మించి పడుకుంటేనే లాభం. 300కే ఎవరో లేపారనుకోండి: ఆదా 270, ఖర్చు 450, నష్టం 180 మైక్రోజౌళ్లు. పైగా లేవడానికి ఆలస్యం. అదే 5000 దాకా ఎవరూ లేపకపోతే 4050 మైక్రోజౌళ్లు మిగులు.

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నవారికి ఈ లెక్క బాగా తెలుసు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. మళ్లీ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలిన రోజునే రేపల్లె శివారు చేలకు నీరు రాదు. ఎండిన కాలువ ముందు తాను తడవాలి, నిండాలి, ఆ తరువాతే చివరి పిల్ల కాలువకు అందాలి. నాలుగు రోజుల కోసం కాలువ కట్టి మళ్లీ వదలడం ఎవరూ చేయరు. నెలల తరబడి అక్కర లేనప్పుడే కడతారు.

కాలువలు ఇంకొక విషయం కూడా నేర్పుతాయి. తెనాలి గుండా మూడు కాలువలు పోతాయి. ఒకదాని కింద అవసరం తీరిందని పైన తలుపులన్నీ దించేయలేం. మిగతావాటి కింద పొలం ఉంటుంది. ప్రాసెసర్‌లోనూ ఇంతే. నాలుగు కోర్లు విడివిడిగా నిద్రపోవచ్చు. కానీ అందరికీ ఉమ్మడిగా ఉన్న క్యాష్, మెమరీ కంట్రోలర్ ఉండే భాగం నిద్రపోవాలంటే నాలుగూ ఒకే సమయంలో ఖాళీగా ఉండాలి. దీన్ని ప్యాకేజీ స్థితి అంటారు. అసలు పెద్ద ఆదా అక్కడే ఉంది. పనికిమాలిన ప్రోగ్రామ్ ఒక్కటి ఒక కోర్‌ను మాటిమాటికీ లేపుతుంటే మిగతా మూడూ పడుకున్న ఫలితం చాలావరకు దక్కదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఊహా ఉదాహరణలో దిగి ఎక్కే ఖర్చు 900 మైక్రోజౌళ్లయితే గిట్టుబాటు కాలం ఎంత? ఆ స్థితిలో 800 మైక్రోసెకండ్లు ఉంటే లాభమా, నష్టమా?

6. తలుపు తట్టే గడియారం

లోతైన స్థితులు చిప్‌లో వచ్చినా చాలాకాలం అవి అక్కరకు రాలేదు. కారణం కెర్నెల్ తన గడియారమే. కాలం లెక్క కోసం, వంతులు మార్చడం కోసం లినక్స్ 2.4 పీసీల మీద సెకనుకు 100 సార్లు టైమర్ అంతరాయం పెట్టుకునేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 దాన్ని 1000 చేసింది. స్పందన చురుకైంది, నిజమే. కానీ రెండు అంతరాయాల మధ్య విరామం 10 మిల్లీసెకండ్ల నుంచి 1 మిల్లీసెకండ్‌కు పడిపోయింది. పై పట్టికతో పోల్చి చూడండి. సీ10కి కనీసం 5 మిల్లీసెకండ్లు కావాలి. ప్రతి మిల్లీసెకండ్‌కూ లేపే గడియారం ఉన్న ఇంట్లో ఆ స్థితికి ప్రాప్తమే లేదు. 2005లో 2.6.13తో పీసీలకు మామూలు విలువ 250 అయింది. విరామం 4 మిల్లీసెకండ్లు. అదీ చాలదు. పడుకున్నవాణ్ణి ఘడియకోసారి తట్టి "నిద్ర పట్టిందా?" అని అడిగే బంధువు లాంటిదీ టిక్.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించింది ల్యాప్‌టాప్ వారు కాదు, మెయిన్‌ఫ్రేమ్ వారు. ఒకే ఐబీఎం యంత్రం మీద వందల లినక్స్ వర్చువల్ యంత్రాలు నడుస్తుంటే, పని లేకపోయినా ప్రతి ఒక్కటీ సెకనుకు వందసార్లు లేస్తుంది. ఆ ఉత్తుత్తి లేవడాలకే అసలు ప్రాసెసర్ అలిసిపోతుంది. 2001లో ఐబీఎం ఇంజనీరు మార్టిన్ ష్విడెఫ్‌స్కీ ఆ టిక్‌ను తీసేసే ప్యాచ్ ఒకటి ముందుకు తెచ్చారు. వెయిట్ దీపం దగ్గర మొదలైన కథ మళ్లీ ఆ కుటుంబపు యంత్రాల దగ్గరే మలుపు తిరగడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

పీసీల మీద ఈ పని పూర్తయింది 2007 ఏప్రిల్‌లో, 2.6.21తో. థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ చేసిన కృషితో ఖాళీగా ఉన్నప్పుడు టిక్ ఆపే ఏర్పాటు వచ్చింది. కెర్నెల్ ఇప్పుడు "నాకు తెలిసిన తరువాతి పని ఫలానా సమయానికి ఉంది, అప్పుడే లేపు" అని టైమర్‌కు చెప్పి పడుకుంటుంది. చెప్పినంత తేలిక కాదిది. ఆనాటి చిప్‌లలో సీ3కి దిగితే కోర్‌లోని టైమర్ కూడా ఆగిపోయేది. అలారం పెట్టుకొని పడుకుంటే అలారం కూడా నిద్రపోయిందన్నమాట. బయటి టైమర్ ఒకదానికి ఆ బాధ్యత అప్పగించాల్సి వచ్చింది.

టిక్ ఆగగానే దాని వెనక దాక్కున్న దొంగలందరూ బయటపడ్డారు. 2007 మేలో ఇంటెల్‌కు చెందిన ఆర్యన్ వాన్ డె వెన్ 'పవర్‌టాప్' అనే సాధనం విడుదల చేశారు. ప్రాసెసర్‌ను సెకనుకు ఎవరెవరు ఎన్నిసార్లు లేపుతున్నారో అది పేరుపేరునా చూపిస్తుంది. ఏమీ చేయని అప్లికేషన్లు, రెప్పలు కొట్టే కర్సర్లు, "ఏమైనా మారిందా" అని ఊరికే తొంగిచూసే ప్రోగ్రామ్‌లు వరుసగా దొరికిపోయాయి. యూఎస్‌బీ మౌస్ కథ అంతకు ముందునుంచే తెలుసు. అప్పటి ఒక రకం యూఎస్‌బీ కంట్రోలర్ ప్రతి మిల్లీసెకండ్‌కూ మెమరీలోకి చూస్తూ ఉండేది. దానివల్ల మౌస్ తగిలించి ఉన్నంతసేపూ ప్రాసెసర్ సీ3కి దిగలేకపోయేది. నా దృష్టిలో ఈ చరిత్రలో అత్యంత ప్రభావం చూపినవాటిలో పవర్‌టాప్ ఒకటి. అది కొత్త యంత్రం కాదు, కొత్త సిద్ధాంతమూ కాదు. తప్పు ఎక్కడుందో కనబడేలా చేసింది, అంతే.

అదే సంవత్సరం మరో చిన్న సర్దుబాటు కూడా వచ్చింది. సెకను అటూ ఇటూ అయినా ఫరవాలేని టైమర్లను ఒకే క్షణానికి జరిపి, అన్నిటికీ కలిపి ఒకసారే లేవడం. నలుగురు చుట్టాలు నాలుగు పూటల వచ్చేకంటే ఒకే పూట వస్తే వంట ఒకటే కదా.

7. ఎంతసేపు ఖాళీ? ముందే ఎలా తెలుస్తుంది?

అప్పటిదాకా ఏ స్థితులు ఉన్నాయో చూసేదీ, ఏది ఎంచుకోవాలో నిర్ణయించేదీ ఏసీపీఐ డ్రైవరే. 2007లో ఒటావాలో జరిగిన లినక్స్ సమావేశంలో వెంకటేశ్ పల్లిపాడి, షావొహువా లీ, ఆడమ్ బెలే ఒక వ్యాసం సమర్పించారు. ఏమీ చేయకపోవడాన్నే సమర్థంగా చేయడం దాని విషయం. వారు ఆ రెండు పనులనూ విడదీశారు. స్థితుల వివరం తెలిసినది డ్రైవర్. ఎంపిక చేసేది గవర్నర్. 'సీపీయూఐడిల్' అనే ఈ వ్యవస్థ 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో చేరింది. ఇంటెల్ చిప్‌కైనా ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌కైనా డ్రైవర్ మారుతుంది, గవర్నర్ అదే ఉంటుంది. మంచి వ్యవస్థ నిర్మాణానికి నేను విద్యార్థులకు తరచూ చూపే ఉదాహరణల్లో ఇదొకటి.

గవర్నర్ ముందున్న చిక్కు ఇది: ఎంతసేపు ఖాళీగా ఉంటామో నిద్రపోయే ముందే తెలియాలి. 'ల్యాడర్' అనే గవర్నర్ నిచ్చెన లాగా ఒక్కో మెట్టే దిగుతుంది. సెకనుకు 1000 టిక్కులు ఉన్న రోజుల్లో అది సరిపోయింది. టిక్ ఆగాక, ఒకేసారి 50 మిల్లీసెకండ్ల ఖాళీ దొరికినప్పుడు ఒక్కో మెట్టే దిగడం అవకాశం చేజార్చుకోవడమే. 'మెనూ' గవర్నర్ నేరుగా కావలసిన మెట్టుకు దూకుతుంది. దానికి అంచనా కావాలి.

మెనూ అంచనా ఎలా వేస్తుందో అర్థం కావాలంటే రేపల్లె స్టేషన్ దగ్గర టీ కొట్టు ఒకటి ఊహించుకోండి. 1916 నుంచి ఉన్న ఆ మార్గం రేపల్లెతో ఆఖరు. తెనాలి వైపు వెళ్లే బండి కదిలిందంటే మళ్లీ వచ్చేదాకా జనం పలుచన. కొట్టతను స్టవ్ తగ్గించాలా, ఆర్పాలా? మొదట టైంటేబుల్ చూస్తాడు. తరువాతి బండి గంటకు ఉంది. కెర్నెల్‌కు టైంటేబుల్ అంటే తరువాతి టైమర్. అది కచ్చితంగా తెలుసు. కానీ బండి కంటే ముందే ఆటోవాళ్లో బస్సు దిగినవాళ్లో వస్తారని అనుభవం చెబుతుంది. గంట అని రాసి ఉన్నా సాధారణంగా అరగంటకే ఎవరో ఒకరు వస్తారు. కాబట్టి గంటను సగంతో గుణిస్తాడు. మెనూ కూడా తెలిసిన టైమర్ కాలాన్ని, గత అనుభవంతో తయారైన ఒక సవరణ గుణకంతో గుణిస్తుంది. మూడోది, ఈ మధ్య గిరాకీలు ఎంతెంత ఎడంతో వచ్చాయో గుర్తు పెట్టుకుంటాడు. వరుసగా పావుగంటకొకరు వస్తుంటే టైంటేబుల్ పక్కన పెట్టి పావుగంటనే నమ్ముతాడు. మెనూ కూడా చివరి ఎనిమిది విరామాలను దాచుకొని, అవి ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఆ సగటునే నమ్ముతుంది. ఈ రూపం ఆర్యన్ వాన్ డె వెన్ తిరగరాసినది.

బాపట్ల సంగతి వేరు. విజయవాడ, చెన్నై మధ్య ప్రధాన మార్గం మీద ఉన్న స్టేషన్ అది. అక్కడి కొట్టతను స్టవ్ ఆర్పితే నష్టపోతాడు. మంట తగ్గించడం దాకే. నిరంతరం నెట్‌వర్క్ ప్యాకెట్లు వచ్చే సర్వర్ బాపట్ల వంటిది. మీ ముందు మీరు చదువుతుంటే ఊరుకున్న ల్యాప్‌టాప్ రేపల్లె వంటిది. ఒకే గవర్నర్ ఈ రెండు చోట్లా బేరం చేయాలి.

అంచనా ఎప్పుడూ తప్పుతూనే ఉంటుంది. లోతుగా ఉంటుందనుకొని దిగితే వెంటనే లేపడం ఒక తప్పు. కాసేపే అనుకొని పై మెట్టులో ఉండిపోతే చాలాసేపు ఎవరూ లేపకపోవడం రెండో తప్పు. రెండోది ఇంకా ఖరీదైనది, ఎందుకంటే టిక్ కూడా ఆగిపోయాక తప్పు దిద్దుకోవడానికి లేపేవారుండరు. 2018 జూన్‌లో వచ్చిన 4.17లో రఫేల్ వైసాకీ ఈ వరుసను మార్చారు. ముందు గవర్నర్ అంచనా వేస్తుంది. ఖాళీ చిన్నదే అనిపిస్తే టిక్‌ను ఆపరు. అంచనా తప్పితే ఆ టిక్కే లేపి మళ్లీ ఎంచుకునే వీలు కల్పిస్తుంది. పదకొండేళ్ల కింద ఇంటి నుంచి వెళ్లగొట్టిన ఆ చుట్టాన్ని కొన్ని పూటలకు కాపలాగా తిరిగి పిలిచారు. మరుసటి సంవత్సరం 5.1లో ఆయనే 'టీఈఓ' అనే మరో గవర్నర్‌ను చేర్చారు. ఎన్నో లేవడాలు టైమర్ వల్లే జరుగుతాయి కనుక ముందు దాన్ని నమ్ము, దానికంటే ముందే లేపినవి ఎక్కువైతేనే తగ్గించుకో అన్నది దాని పద్ధతి.

8. నిద్ర చేటు చేసే చోట్లు

ఇంత శ్రమపడి సాధించిన నిద్రను కావాలని వదులుకునేవారూ ఉన్నారు. సీ10 నుంచి లేవడానికి 890 మైక్రోసెకండ్లు. శబ్దాన్ని నమోదు చేసే స్టూడియోకూ, క్షణంలో జవాబు ఇవ్వాల్సిన సర్వర్‌కూ అది ఎక్కువే. అందుకని లినక్స్‌లో ఒక అప్లికేషన్ "నాకు ఇంతకు మించి ఆలస్యం కుదరదు" అని కెర్నెల్‌కు చెప్పుకోవచ్చు. గవర్నర్ అంతకు మించిన లోతును ఎంచుకోదు. వర్చువల్ యంత్రాలలో మరో చిక్కు. అతిథి యంత్రం హాల్ట్ ఇస్తే అధికారం అసలు యంత్రానికి పోతుంది, తిరిగి తెచ్చుకోవడం ఖరీదు. 2019లో 5.4తో వచ్చిన 'హాల్ట్‌పోల్' గవర్నర్ కాసేపు లూప్‌లో తిరిగి చూసి, పని రాకపోతేనే హాల్ట్ చేస్తుంది. చూడండి, డాస్ కాలపు బిజీ వెయిటింగ్ కొత్త కారణంతో తిరిగి వచ్చింది.

చౌక యంత్రాల సంగతి వేరేగా బాధాకరం. 'బే ట్రయల్' అనే ఇంటెల్ ఆటమ్ చిప్‌లు 2013 తరువాత తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా వచ్చాయి. లినక్స్ నడుపుతుంటే వాటిలో కొన్ని లోతైన స్థితికి వెళ్లి ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. వాడుకరులు కనుక్కున్న విరుగుడు బూట్ సమయంలో సీ1కి మించి దిగవద్దని ఆంక్ష పెట్టడం. యంత్రం నిలకడగా నడిచింది, బ్యాటరీ త్వరగా అయిపోయింది. ఎక్కువసేపు ఛార్జింగ్ నిలవాల్సిన అవసరం ఎవరికి ఎక్కువో, వారి చేతిలోని యంత్రానికే ఆ గతి పట్టడం చరిత్రలో యాదృచ్ఛికమని నేను అనుకోను. ఖరీదైన యంత్రాలకు జరిగినంత పరీక్ష చౌక యంత్రాలకు జరగదు.

ప్రయోగం: మీ అధ్యయన కేంద్రంలో లినక్స్ ఉన్న యంత్రం ఉంటే, ఫైల్ వ్యవస్థ మూలంలో ఉన్న 'సిస్' ఫోల్డరు తెరవండి. అందులో వరుసగా డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూ0, సీపీయూఐడిల్ అనే ఫోల్డర్లలోకి వెళ్లండి. స్టేట్0, స్టేట్1 అంటూ ఆ యంత్రానికి ఉన్న ఖాళీ స్థితులన్నీ కనిపిస్తాయి. ప్రతి దానిలో పేరు, లేచే ఆలస్యం, గిట్టుబాటు కాలం, ఎన్నిసార్లు వాడారు, మొత్తం ఎంతసేపు అందులో గడిపారు అన్నవి మామూలు అక్షరాల ఫైళ్లుగా ఉంటాయి. కాలం మైక్రోసెకండ్లలో ఉంటుంది. అంకెలు రాసుకోండి. పది నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా ఊరుకొని మళ్లీ రాసుకోండి. తరువాత బ్రౌజర్‌లో ఒక వార్తా పుట తెరిచి, దాన్ని కదపకుండా మరో పది నిమిషాలు ఆగి మూడోసారి రాసుకోండి. తెర మీద ఏమీ జరగని ఆ రెండో పది నిమిషాల్లో లోతైన స్థితి కాలం ఎంత తగ్గిందో లెక్కగట్టి, తగ్గడానికి కారణమేమై ఉంటుందో ఒక పుటకు మించకుండా రాయండి.